దురద అంటే మురికి కాదు: మన హాస్టల్ పిల్లల చర్మం గురించి నాలుగు మాటలు

ఈసారి కొంచెం పెద్దగానే రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి. చదివినాక మీ తాండాలోనో, గూడెంలోనో, హాస్టల్లోనో ఒక్కరికైనా చెప్పండి.

చలికాలం మొదలైతే మన హాస్టళ్లలో ఒక మాట మళ్లీ మళ్లీ వినపడుతుంది. "ఈ తాండా పిల్లోల్లు సరిగ్గా నీళ్లు పోసుకోరు, అందుకే ఒంటినిండా గజ్జి." మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ మీద చర్మం మందంగా, నల్లగా అయిపోయి, గీరి గీరి రసి కారే పిల్లల్ని చూసి అనే మాట ఇది. తర్వాత ఆ పిల్ల మంచం ఒక మూలకు పోతుంది. పళ్లెం, గ్లాసు వేరే అవుతాయి. సంక్రాంతికి ఇంటికి పోయిన పిల్ల మళ్లీ హాస్టల్‌కు రాకపోతే, ఎందుకు రాలేదని అడిగేవాళ్లు కూడా ఉండరు.

ఈ మాట మనసును నొప్పిస్తుంది, అది ఒక సంగతి. రోగాన్ని పెంచుతుంది, అది రెండో సంగతి. "మురికి" అని అనిపించుకున్న పిల్ల ఏం చేస్తుంది? రోజుకు రెండుసార్లు, మూడుసార్లు స్నానం చేస్తుంది. బట్టల సబ్బుతో, పీచుతో తోలు ఊడేదాకా రుద్దుకుంటుంది. బకెట్లో యాంటిసెప్టిక్ లిక్విడ్ పోసుకుంటుంది. ఎగ్జిమా ఉన్న చర్మానికి ఇంతకంటే చేటు ఇంకోటి లేదు. అంటే తిట్టు వల్లనే జబ్బు ముదిరింది. జబ్బు ముదిరినాక మళ్లీ అదే తిట్టు.

అందుకే ఈ విషయం మనమే నేర్చుకోవాలి, మనమే చెప్పాలి అని మేము అనుకుంటున్నాం. పాత ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో మన సుగాలీలు, చెంచులు, ఎరుకలు, యానాదులు అందరూ కలిసినా 2011 లెక్కల్లో నూటికి ముగ్గురికి మించరు. మన పిల్లల చర్మం గురించి ఎవరో వచ్చి చెప్తారని కూచుంటే కుదరదు.

అసలు ఎగ్జిమా అంటే ఏంది?

మన పక్క నాపరాళ్లతో కట్టిన గోడను గుర్తు చేసుకోండి. రాళ్ల మధ్య సున్నం గట్టిగా ఉంటే వాన లోపలికి దిగదు. సున్నం రాలిపోతే లోపలి తడి బయటికి పోతుంది, బయటి దుమ్ము, పురుగు లోపలికి వస్తాయి. మన పైచర్మం కూడా అట్లాంటి గోడే. చర్మకణాలు రాళ్లు, వాటి మధ్య ఉండే కొవ్వు పదార్థం సున్నం. ఎగ్జిమా ఉన్నవాళ్లలో ఈ గోడ బలహీనంగా ఉంటుంది. లోపలి తేమ నిలవదు, చర్మం ఎండుతుంది, సబ్బు, చెమట, దుమ్ము దేనికైనా ఒళ్లు ఉలిక్కిపడి దురద పెడుతుంది. గీరితే గోడ ఇంకా పగులుతుంది. పగిలితే దురద ఇంకా పెరుగుతుంది. ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది.

2006లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, చర్మం గోడను కట్టే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువులో లోపం ఉన్నవాళ్లకు ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని చూపించారు. ఎగ్జిమా వచ్చే అందరిలోనూ ఇదే కారణం అని కాదు. కానీ పుట్టుకతో వచ్చే గుణానికి, మురికికి సంబంధం లేదని మాత్రం తేలిపోయింది. అందుకే ఇది ఇళ్లల్లో వరసగా కనిపిస్తుంది. తల్లికో తండ్రికో ఉబ్బసం ఉండటం, పొద్దున లేస్తే తుమ్ములు ఉండటం, పిల్లకు మడతల్లో దురద ఉండటం, ఇవన్నీ దగ్గరి చుట్టాలే.

ఇంకోమాట, ఇది అంటుకోదు. ఒకే మంచం మీద పడుకున్నా, ఒకే పళ్లెంలో తిన్నా రాదు. ఈ ఒక్క వాక్యం హాస్టల్ నోటీసు బోర్డు మీద రాసినా సగం బాధ తగ్గుతుంది.

దురదలన్నీ ఒకటి కావు

మన దగ్గర పెద్ద చిక్కు ఇక్కడే ఉంది. ఏ దురదనైనా గజ్జి అంటాం, లేకుంటే తామర అంటాం. ఎగ్జిమాను కూడా చాలామంది తామర అనే పిలుస్తారు. పేరు కలిసిపోతే మందు కూడా కలిసిపోతుంది. అందుకే వీటిని వేరు చేసి చూడటం నేర్చుకోవాలి.

గజ్జి అనేది కంటికి కనపడనంత చిన్న పురుగు వల్ల వస్తుంది. రాత్రి పూట దురద ఎక్కువ. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ, మర్మాంగాల దగ్గర పొక్కులు. గదిలో ఒకరికి వస్తే వారాల్లో నలుగురికి వస్తుంది. ఇది అంటుకుంటుంది. దీనికి పర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా రాత్రి రాసుకుని పొద్దున కడుక్కోవాలి, వారం తర్వాత మళ్లీ ఒకసారి రాయాలి. గదిలో అందరూ, దురద లేనివాళ్లు కూడా, ఒకే రాత్రి రాసుకోవాలి. ఒక్కడే రాసుకుంటే పక్కవాడి నుంచి మళ్లీ వస్తుంది. పసిపిల్లలకు, గర్భిణులకు డాక్టరును అడిగి వాడాలి. మందు పనిచేసినాక కూడా రెండు, మూడు వారాలు దురద ఉండొచ్చు, భయపడొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఇరుకు గదుల్లో ఉండే పేదల జబ్బు ఇది. పడుకునే చోటు ఇరుకు, అది పిల్లల తప్పు కాదు.

తామర అనేది ఫంగస్. గుండ్రంగా, అంచు ఎత్తుగా, మధ్యలో మానినట్టు ఉంటుంది. తొడల మధ్య, నడుము మీద, చెమట పట్టే చోట వస్తుంది. తువ్వాలు, లోపలి బట్టలు పంచుకుంటే అంటుకుంటుంది. దీనికి ఫంగస్ మందే వాడాలి, అదీ డాక్టరు చెప్పినన్ని వారాలు.

ఎగ్జిమా మడతల్లో వస్తుంది. పసిపిల్లలకైతే బుగ్గల మీద మొదలవుతుంది. ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉంటుంది. రెండు పక్కలా, అంటే రెండు మోచేతులకూ, రెండు మోకాళ్లకూ కనిపిస్తుంది.

ఇవి మూడూ కాకుండా, దురదే లేకుండా, గిల్లినా తెలియని పాలిపోయిన మచ్చ ఉంటే ఆలస్యం చేయకుండా పీహెచ్‌సీలో చూపించండి. కుష్టు కావచ్చు. దానికి ప్రభుత్వం ఉచితంగా మందులు ఇస్తుంది, మొదట్లోనే పడితే పూర్తిగా నయమవుతుంది.

మన రంగు చర్మం మీద ఎట్లా కనిపిస్తుంది?

పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో ఎగ్జిమా అంటే "ఎర్రటి దద్దుర్లు" అని ఉంటుంది. మన చర్మం మీద ఎరుపు కనపడదు. ముదురు గోధుమ రంగులోనో, బూడిద రంగులోనో, ఊదా రంగులోనో ఉంటుంది. ఒక్కోసారి మచ్చ కాకుండా చిన్న చిన్న గరుకు పొక్కులుగా వస్తుంది. మానినాక నల్ల మచ్చో, తెల్ల మచ్చో నెలల తరబడి మిగులుతుంది. ఆ మచ్చ చూసి జబ్బు తగ్గలేదని మందు మీద మందు రాస్తారు. నిజానికి అక్కడ దురద, గరుకుతనం పోతే జబ్బు తగ్గినట్టే. రంగు మెల్లగా దానంతట అదే వస్తుంది.

చిన్నపిల్లల బుగ్గల మీద పొట్టు లేచినట్టు ఉండే తెల్ల మచ్చలు కూడా చాలావరకు ఎగ్జిమా జాతివే. వాటిని నులిపురుగులనో, కాల్షియం లోపమనో, బొల్లి అనో అంటారు. బొల్లి మచ్చ సున్నంలా తెల్లగా, నునుపుగా ఉంటుంది. ఇది పాలిపోయి, గరుకుగా ఉంటుంది. మాయిశ్చరైజర్‌తోనే చాలామందికి తగ్గుతుంది.

ఈ రంగు సంగతి మన ఒక్కరి సమస్య కాదు. లండన్‌లోని సెయింట్ జార్జెస్ వైద్య విశ్వవిద్యాలయంలో చదువుతున్న మలోన్ ముక్వెండే అనే నల్లజాతి విద్యార్థి, నల్ల చర్మం మీద జబ్బు లక్షణాలు ఎట్లా కనిపిస్తాయో చూపించే పుస్తకం లేదని గమనించి, తన అధ్యాపకులతో కలిసి 2020లో తానే ఒకటి తయారు చేశాడు. అతను అప్పటికి ఇంకా విద్యార్థే. మన గ్రూపులో నర్సింగ్, ఫార్మసీ, ఎంబీబీఎస్ చదివేవాళ్లు ఉన్నారు కదా, ఆలోచించండి.

మన సీమలో ఇది ఎందుకు ముదురుతుంది?

గాలి పొడి. చలికాలం గాలి చర్మంలో తేమను పీల్చేస్తుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటితే చెమట మంట పుట్టిస్తుంది. అంటే ఏడాదిలో మనకు సుఖమైన నెలలు తక్కువ.

నీళ్లు బోరువి, ఉప్పగా ఉంటాయి. ఈ నీళ్లలో సబ్బు నురగ రాదు, వచ్చినంతా తెల్లటి జిడ్డులా ఒంటికి పట్టుకుంటుంది. అయితే నీళ్లు మార్చితే రోగం పోతుందని అనుకోవద్దు. ఇంగ్లండులో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల్లో కొందరి ఇళ్లలో నీటిని మెత్తబరిచే యంత్రాలు పెట్టి 12 వారాలు చూశారు. 2011లో ఫలితాలు వచ్చాయి, అదనంగా లాభం ఏమీ కనపడలేదు. కాబట్టి నీళ్ల మీద దిగులు పడే బదులు సబ్బు తగ్గించడం, సబ్బును బాగా కడుక్కోవడం మన చేతిలో ఉన్న పని.

మూడోది వయ్యారిభామ. బీడు పొలాల్లో, బడి గోడల పక్కన, రోడ్డు అంచుల్లో తెల్ల పూలతో విరగబూసే ఈ కలుపు 1950ల మధ్యలో పుణె దగ్గర కనిపించి దేశమంతా పాకింది. దాని పుప్పొడి, ఎండిన ఆకుల పొడి గాలిలో ఎగిరి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతల మీద పడితే కొందరికి తీవ్రమైన ఎగ్జిమా వస్తుంది. పొలం పని చేసే మన నాయనలకు, తాతలకు ఏడాదికేడాది ముఖం నల్లబడి, తోలు మందమై, కళ్ల చుట్టూ దురద ఉంటే ముందు దీన్నే అనుమానించాలి. ఎండ వల్ల నల్లబడ్డాడులే అని వదిలేస్తున్నాం. శ్రమదానం పేరుతో హాస్టల్ పిల్లల చేత ఈ మొక్కను ఉత్త చేతులతో పీకించడం మానాలి. పీకాలంటే పూత రాకముందే, చేతులకు తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకుని పెద్దవాళ్లు పీకాలి.

నాలుగోది పని. సుగ్గికి గుంటూరు మిరపకోతలకు పోయి వచ్చినవాళ్ల చేతులు చూడండి. బేతంచెర్ల నాపరాయి పాలిష్ యూనిట్లలో, భవనాల పనిలో సిమెంటు కలిపేవాళ్ల చేతులు చూడండి. సిమెంటులో ఉండే ఒక రకం క్రోమియం చర్మానికి అలర్జీ తెస్తుంది. 2005 నుంచి ఐరోపా దేశాల్లో సిమెంటులో దాన్ని 10 లక్షల భాగాలకు 2 భాగాలు దాటనివ్వకూడదని నిబంధన ఉంది. మన దగ్గర కూలికి కనీసం రబ్బరు తొడుగులు ఇప్పించాలని అడగడం కూడా ఆరోగ్యం గురించిన కోరికే.

ఐదోది లోహం. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు ఉంటాయి. నికెల్ పడనివాళ్లకు కడియం కింద, కమ్మ దగ్గర, బెల్టు బకిల్ తగిలే బొడ్డు దగ్గర, వాచీ కింద దురద పుండు పడుతుంది. నానమ్మల సొమ్ములను తప్పుపట్టడం లేదు. అది తగిలే చోటే పుండు ఉందా అని చూసుకోండి అంటున్నాం, అంతే.

రోజూ చేయాల్సింది

ఇందులో ఖర్చు తక్కువ, క్రమం ఎక్కువ.

స్నానం రోజుకు ఒకసారి చాలు. ఆటలాడి చెమట పడితే ఉత్త నీళ్లతో కడుక్కోండి. వేడి వేడి నీళ్లు వద్దు, గోరువెచ్చనివి సరిపోతాయి. ఐదు, పది నిమిషాలకు మించి వద్దు. సబ్బు చంకలకు, తొడల మధ్య, పాదాలకు చాలు. మన చర్మం కొంచెం ఆమ్ల గుణం కలది, మామూలు సబ్బు క్షారం. రోజూ ఒంటినిండా రుద్దితే గోడలోని సున్నం కరిగిపోతుంది. బట్టల సబ్బు ఒంటికి ఎప్పుడూ వద్దు. పీచు, రాయి వద్దు.

తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోండి. ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల లోపల, మాయిశ్చరైజర్ రాయండి. ఖరీదైన సీసా అక్కర్లేదు. వాసన లేని మామూలు వాజిలిన్ లాంటి పెట్రోలియం జెల్లీ చాలు. 1872లో అమెరికాలో పేటెంట్ పొందిన సరుకు, ఇప్పటికీ చర్మంలో తేమను పట్టి ఉంచడంలో దాన్ని మించినవి తక్కువ. ఎండాకాలం జిడ్డుగా అనిపిస్తే పలచటి క్రీము వాడండి. దురద ఉన్నా లేకపోయినా రోజుకు రెండుసార్లు రాయాలి. తగ్గిందని మానేస్తే మళ్లీ వస్తుంది.

గోళ్లు పొట్టిగా ఉంచుకోండి. దురద పుడితే గీరకుండా, కుండ నీళ్లలో ముంచిన నూలు గుడ్డను పది నిమిషాలు వేసి, తర్వాత జెల్లీ రాయండి. గొంగడి నేరుగా ఒంటికి తగలకుండా మధ్యలో అమ్మ పాత నూలు చీరనో, బొంతనో వేసుకోండి. పాలిస్టర్ యూనిఫాం కింద నూలు బనియన్ వేసుకోండి. బట్టలు ఉతికినాక సర్ఫు పోయేదాకా జాడించండి. నీళ్ల కరువు ఉన్న చోట ఈ మాట ఎంత కష్టమో మాకు తెలుసు. అందుకే సర్ఫే తక్కువ వేయమంటున్నాం.

ఇది పాటిస్తే ఎగ్జిమా అసలే రాదా? అట్లా చెప్పలేం. బ్రిటన్‌లో 1,394 మంది పసిబిడ్డలతో ఒక పెద్ద అధ్యయనం చేసి, పుట్టినప్పటి నుంచి ఏడాది పాటు సగం మందికి రోజూ మాయిశ్చరైజర్ రాయించారు. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం రెండేళ్ల వయసుకు రెండు గుంపుల్లోనూ ఎగ్జిమా దాదాపు ఒకేలా ఉంది. కాబట్టి పుట్టుకతో వచ్చే గుణాన్ని జెల్లీ మార్చదు. వచ్చిన ఎగ్జిమా మాటిమాటికీ తిరగబెట్టకుండా మాత్రం ఆపుతుంది. రాత్రి నిద్ర ఇస్తుంది. నిద్ర ఉంటే పదో తరగతి పిల్ల పొద్దున చదవగలుగుతుంది. మేము కోరేది ఆ నిద్రే.

ఇంటి వైద్యంలో ఏది ఉంచాలి, ఏది వదలాలి?

మన పెద్దోళ్లకు ఆకు, పసరు తెలుసు. నల్లమలలో చెంచు పెద్దలకు తెలిసినంత అడవి ఏ కాలేజీలోనూ చెప్పరు. ఆ తెలివి మీద మాకు గౌరవం ఉంది. గౌరవం ఉంది కాబట్టే పరీక్షించి చూడమంటున్నాం.

కొబ్బరి నూనె మంచిదే. ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లల మీద 8 వారాలు చేసిన పరీక్షలో, పచ్చి కొబ్బరి నూనె రాసిన పిల్లలకు మినరల్ ఆయిల్ రాసినవాళ్ల కంటే ఎక్కువ గుణం కనిపించింది. 2014లో ఇది అచ్చయింది. సువాసన కలిపిన తలనూనె మాత్రం వద్దు, స్వచ్ఛమైనదే వాడండి.

శెనగనూనె మన సీమ నూనె. వంటకు వాడండి. పగిలిన చర్మం ఉన్న పసిబిడ్డ ఒంటికి మాత్రం వద్దు. 2003లో బ్రిటన్‌లో వచ్చిన ఒక పరిశోధన, వేరుశెనగ నూనె కలిసిన పూతలు దద్దుర్లున్న చర్మానికి రాసిన పిల్లల్లో శెనక్కాయల అలర్జీ ఎక్కువని చూపింది. నోటితో తిన్నదాన్ని ఒళ్లు చుట్టంలా చూస్తుంది. పగిలిన చర్మం నుంచి దూరినదాన్ని దొంగలా చూస్తుంది.

వేపాకు మరిగించి చల్లార్చిన నీళ్లతో తుడిస్తే కొందరికి హాయిగా ఉంటుంది, పడితే చేసుకోండి. పచ్చి ఆకు నూరి పుండు మీద రుద్దడం వద్దు. కలబంద గుజ్జు వాడేముందు పసుపు రంగు జిగురును కడిగేసి, ముంజేతి మీద కొంచెం రాసి ఒకరోజు చూడండి. పసుపు కూడా కొందరికి పడదు. ఏది కొత్తగా రాసినా ముందు ఇట్లా చిన్నచోట చూసుకోవడం మంచి అలవాటు.

ఇక అసలే వద్దనేవి చెప్తాం. జిల్లేడు పాలు చర్మాన్ని కాలుస్తాయి, కంట్లో పడితే చూపుకే ముప్పు. నల్లజీడి రసం చాకలి గుర్తులు పెట్టడానికి పనికొచ్చేంత ఘాటైనది, చర్మం మీద బొబ్బలు లేపుతుంది. వెల్లుల్లి నూరి కట్టు కడితే కాలిన గాయం అవుతుంది. నిమ్మరసం రాసుకుని ఎండలో తిరిగితే నల్ల మచ్చలు, బొబ్బలు వస్తాయి. మైలుతుత్తం విషం. కిరోసిన్, బూడిద పగిలిన చర్మాన్ని ఇంకా చెడగొడతాయి. పుండు మీద పేడ పెడితే ధనుర్వాతం రావచ్చు. "మంట పుడితే మందు పనిచేస్తున్నట్టు" అని మనలో ఒక నమ్మకం ఉంది. ఎగ్జిమాలో మంట పుడితే మందు పడలేదని అర్థం.

తిండి విషయంలో కూడా జాగ్రత్త. దురద అనగానే గుడ్డు, చేప, మాంసం, వంకాయ, పప్పు అన్నీ మానిపిస్తారు. హాస్టల్ పిల్లకు వారంలో దొరికే బలమైన తిండే ఆ గుడ్డు. అది తిన్న కాసేపటికే దద్దుర్లు, వాంతి, మూతి వాపు, ఆయాసం వస్తేనే అలర్జీ అని డాక్టరుకు చెప్పి మానాలి. ఊరికే పథ్యం పెట్టి రక్తహీనత తెచ్చుకోవద్దు.

మెడికల్ షాపు ట్యూబు

ఇంటి వైద్యం కంటే ఇప్పుడు మన పిల్లల్ని ఎక్కువ చెడగొడుతున్నది ఇది. "అన్నా, దురదకు ఒక ట్యూబు ఇయ్యి" అంటే చాలు, స్టెరాయిడ్, యాంటీబయోటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీము చేతికొస్తుంది. రెండు రోజుల్లో దురద మాయం. అందుకే దాని మీద నమ్మకం. తామర మీద అది పూస్తే పైకి తగ్గినట్టు కనిపించి కింద ఫంగస్ పాకుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, తొడల మీద చారలు పడతాయి, అవి మళ్లీ పోవు. తెల్లబడటానికి అమ్మే కొన్ని క్రీముల్లో కూడా ఇదే స్టెరాయిడ్ ఉంటుంది. ముఖానికి రాసే చెల్లెళ్లు, ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్ అనే పేర్లు ఉన్నాయేమో చదవండి. కేంద్ర ప్రభుత్వం 2018లో స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చట్టం ఉంది, కౌంటర్ దగ్గర అడిగేవాళ్లు లేరు.

అట్లని స్టెరాయిడ్ అంటేనే పారిపోవద్దు. ఎగ్జిమా మండినప్పుడు డాక్టరు రాసేది కూడా అదే. ఏ చోటికి ఎంత బలమైనది, ఎన్ని రోజులు అన్నదే తేడా. పెద్దవాళ్ల చూపుడు వేలి మొదటి గీత దాకా పిండిన క్రీము, రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ఈ కొలత గుర్తుంచుకోండి. కత్తి ఆపరేషన్‌కూ పనికొస్తుంది, గాయానికీ పనికొస్తుంది, ఎవరి చేతిలో ఉందనేది ముఖ్యం.

పసుపు రంగు చెక్కు కట్టి చీము పట్టినా, జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి నొప్పితో గుంపుగా నీటి పొక్కులు లేచినా అదే రోజు ఆస్పత్రికి పోండి. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో చర్మ విభాగం ఓపీ ఉంది. వాడిన ట్యూబులన్నీ సంచిలో వేసుకుని పోండి, సిగ్గుపడొద్దు. డాక్టరుకు అవే ముఖ్యమైన ఆధారం.

మనం అడగాల్సినవి

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు ఉచిత పరీక్షలు చేయాలి. అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బళ్లలో ఒకసారి. ఆ పథకం చూడాల్సిన 30 సమస్యల జాబితాలో గజ్జి, ఫంగస్, ఎగ్జిమా పేర్లు పెట్టి మరీ ఉన్నాయి. అంటే ఇది మనం కోరుకునే దయ కాదు, కాగితం మీద ఇప్పటికే ఉన్న హక్కు. మీ హాస్టల్‌కు ఆ బృందం ఈ ఏడాది వచ్చిందా? చొక్కా విప్పించి చూసిందా, వరసలో నిలబెట్టి బరువు తూచి పోయిందా? ఈ ప్రశ్న హెచ్‌ఎంను, వార్డెన్‌ను మర్యాదగా అడగండి.

రెండోది, హాస్టల్ పిల్లలకు ఇచ్చే కాస్మెటిక్ చార్జీలతో సబ్బు, తలనూనె కొనుక్కుంటున్నాం. ఆ జాబితాలో ఒక డబ్బా పెట్రోలియం జెల్లీ చేరాలి. చలికాలం నాలుగు నెలలైనా చేరాలి. మూడోది, గజ్జి తేలితే గది మొత్తానికి ఒకే రాత్రి మందు ఇవ్వాలి, ఒక్క పిల్లను మూలకు నెట్టడం ఆగాలి. నాలుగోది, హాస్టల్ ప్రాంగణంలో వయ్యారిభామను పూత రాకముందే పెద్దవాళ్లతో తీయించాలి.

ఈ అడగడాన్ని కొందరు పెద్దలు చిన్న విషయం అంటారు. "నీళ్లు లేవు, టీచర్లు లేరు, మీకు దురద గొడవ ఏంది?" అని. నీళ్ల గురించీ అడుగుదాం, టీచర్ల గురించీ అడుగుదాం. కానీ రాత్రంతా గీరుకుంటూ మేలుకునే పిల్లకు, టీచరు ఉన్నా పాఠం ఎక్కదు. మూలకు నెట్టబడ్డ పిల్లకు స్కాలర్‌షిప్ ఉన్నా బడి మీద మనసు ఉండదు. చదువు మానేయడానికి పెద్ద పెద్ద కారణాలే ఉండాలని లేదు.

ఇంటికి పోయినప్పుడు ఒక పని చేయండి. మీ తమ్ముడి మోచేతి మడత, నాయన మెడ, అమ్మ చేతివేళ్లు ఒకసారి వెలుతురులో చూడండి. అది ఏ రకం దురదో పైన చెప్పినట్టు పోల్చుకోండి. అవసరమైతే మీరే వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోండి. హాస్టల్లో ఎవరినైనా మురికి అని ఎవరైనా అంటే పక్కనే ఉండి, "అది అంటుకునే జబ్బు కాదు, తోలు ఎండి వచ్చింది" అని చెప్పండి. ఆ పిల్ల పక్క మంచం మీరే తీసుకోండి.